విండోస్ పోతే పోనీ, ఫైళ్ళు ఉండనీ

(గ్రంథాలయం హాల్లో డీటీపీ ఆపరేటర్లు, ఉపాధ్యాయులు, చిన్న వ్యాపారుల ముందు ఒక కంప్యూటర్ సర్వీస్ టెక్నీషియన్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల వాళ్ళకి వినిపిస్తోందా? ఫ్యాన్ల చప్పుడు ఎక్కువగా ఉంది. వినపడకపోతే మొహమాటపడకుండా చెయ్యెత్తండి.

నేరుగా విషయంలోకి వచ్చేస్తాను. కంప్యూటర్ ఆన్ చేస్తారు. లోగో వస్తుంది, కింద చుక్కలు తిరుగుతాయి, అలా తిరుగుతూనే ఉంటాయి. లేదంటే నీలం తెర వచ్చి నిలబడిపోతుంది. దాన్ని సంచిలో పెట్టుకుని షాపుకి వెళ్తారు. కౌంటర్లో కుర్రాడు ఒకసారి ఆన్ చేసి చూసి, “విండోస్ పోయిందండీ, ఫార్మాట్ కొట్టాలి” అంటాడు. “మరి నా ఫైళ్ళు?” అంటారు మీరు. “డీ డ్రైవ్‌లో ఉంటే ఉంటాయి, సీ డ్రైవ్‌లో ఉంటే పోతాయండీ” అంటాడు. ఇక్కడ సగం మందికి ఈ మాటలు కంఠతా వచ్చు అనుకుంటాను.

[నవ్వులు]

ఆ కుర్రాడి మీద నాకేం కోపం లేదు. ఓపిగ్గా కూర్చుని రిపేరు చేస్తే ఒక పూట పడుతుంది. ఫార్మాట్ కొడితే గంటలోపు మిషన్ చేతికిచ్చి పంపించొచ్చు. రెండింటికీ కస్టమర్ ఇచ్చేది ఒకటే డబ్బు. పైగా కొత్తగా కొట్టిన విండోస్ మర్నాడు మళ్ళీ వెనక్కి రాదు. అతని లెక్క అతనిది. మీ లెక్క వేరే. మీ దగ్గరున్నది పిల్లల మార్కుల జాబితాలు, పెళ్ళి ఫొటోలు, లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీలో అయిదేళ్ళ డేటా.

ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. విండోస్ బూట్ కానంత మాత్రాన, అంటే మొదలు కానంత మాత్రాన, ఫైళ్ళకి ఏమీ కాదు. డిస్కు బాగున్నంత వరకు అవి ఎక్కడివక్కడే ఉంటాయి. పోయేది మనం రిపేరు మొదలుపెట్టాక, తొందరలో ఏదో ఒక బటన్ నొక్కినప్పుడు. అందుకని ముందు ఫైళ్ళు బయటికి తీయాలి, ఆ తరువాతే విండోస్ జోలికి వెళ్ళాలి.

దీనికి ప్రపంచమంతా చూసిన ఉదాహరణ ఒకటుంది. 2024 జూలై 19, శుక్రవారం. మన టైము ప్రకారం ఉదయం 9 గంటల 39 నిమిషాలకి క్రౌడ్‌స్ట్రైక్ అనే అమెరికా సెక్యూరిటీ కంపెనీ తన సాఫ్ట్‌వేర్‌కి ఒక చిన్న అప్‌డేట్ పంపింది. 10 గంటల 57 నిమిషాలకి వెనక్కి తీసుకుంది. గంటంబావు చిల్లర. ఆ కాస్త టైములోనే, మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం, 85 లక్షల విండోస్ మిషన్లు నీలం తెరలో ఇరుక్కున్నాయి. బ్యాంకులు, ఆస్పత్రులు, విమానాలు, అన్నీ. మన శంషాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాసులు పెన్నుతో రాసి ఇచ్చారు. ఆ కాగితం ఫొటో మీ ఫోన్లకి కూడా వచ్చే ఉంటుంది.

కారణం ఏమిటో తెలుసా? ఆ సాఫ్ట్‌వేర్ 20 అంశాలు అందిస్తుంటే, కొత్తగా వచ్చిన ఫైలు 21వ దాని కోసం వెతికింది. లేనిదాన్ని వెతుకుతూ తనది కాని మెమరీలో చెయ్యి పెట్టింది. మామూలు ప్రోగ్రాం అయితే అదొక్కటే మూతపడేది. ఇది విండోస్ లోపలి పొరల్లో డ్రైవర్‌లాగా, అంటే పరికరాల్ని నడిపే ప్రోగ్రాంలాగా, కూర్చునే సరుకు కాబట్టి మొత్తాన్నీ పడేసింది. మిషన్ మళ్ళీ ఆన్ చేస్తే మళ్ళీ అదే ఫైలు లోడవుతుంది, మళ్ళీ పడిపోతుంది.

మరి మందు? సేఫ్ మోడ్‌లోకి, అంటే అత్యవసరమైనవి మాత్రమే లోడయ్యే విండోస్‌లోకి, వెళ్ళడం, విండోస్ ఫోల్డర్లో సిస్టం32, అందులో డ్రైవర్స్, అందులో క్రౌడ్‌స్ట్రైక్ ఫోల్డర్ తెరవడం, 291 నంబరున్న ఆ ఒక్క ఫైలు డిలీట్ చేయడం, రీస్టార్ట్. అంతే. కొన్ని మిషన్లయితే ఊరికే పదే పదే రీస్టార్ట్ చేస్తేనే దారికొచ్చాయి. 15 సార్ల దాకా ప్రయత్నించమని మైక్రోసాఫ్టే చెప్పింది. తెర మీద విండోస్ చచ్చిపోయినట్టే ఉంది. లోపల చెడింది ఒక్క ఫైలు. ఆ రోజు ఎవరైనా “విండోస్ పోయింది, ఫార్మాట్ కొట్టండి” అని ఉంటే ఎంత డేటా వృథాగా పోయేదో ఊహించుకోండి.

అదే రోజు ఇంకో సంగతి బయటపడింది. సేఫ్ మోడ్‌లోకి వెళ్ళబోతే చాలా మిషన్లు బిట్‌లాకర్ కీ, అంటే డిస్కుకి విండోస్ వేసిన తాళం తెరిచే నంబరు, అడిగాయి. కొన్ని ఆఫీసుల్లో ఆ కీలు దాచిపెట్టిన సర్వర్ కూడా నీలం తెరలోనే ఉంది!

[నవ్వులు]

నవ్వొచ్చే విషయమే కానీ, ఇప్పుడు అది మన ఇళ్ళల్లోకీ వచ్చింది. కొత్త ల్యాప్‌టాప్ కొని, మొదటి రోజు మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యారనుకోండి. చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్కు దానంతటదే ఎన్‌క్రిప్ట్ అయిపోతుంది, అంటే కీ లేనిదే చదవలేకుండా తాళం పడిపోతుంది. మీరు ఏ బటనూ నొక్కక్కర్లేదు. విండోస్ 11లో 24హెచ్2 అనే వెర్షన్ వచ్చాక ఇది ఇంకా ఎక్కువ మిషన్లకి పాకింది. రోజువారీ పనిలో మీకు తేడా తెలియదు. విండోస్ చెడిన రోజు, లేదా మదర్‌బోర్డు మార్చిన రోజు, నీలం తెర మీద 48 అంకెల కీ అడుగుతుంది. ఆ కీ లేకపోతే నేను కాదు కదా, మైక్రోసాఫ్ట్ వాళ్ళు కూడా ఏమీ చేయలేరు.

కీ ఎక్కడుంటుంది? మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్లో. ఫోన్‌లో బ్రౌజర్ తెరిచి, మైక్రోసాఫ్ట్ అకౌంట్లో సైన్ ఇన్ అయి, డివైసెస్‌లోకి వెళ్తే ‘రికవరీ కీస్’ అని కనిపిస్తుంది. తెర మీద చూపించే కీ ఐడీలో మొదటి ఎనిమిది అక్షరాలు, అక్కడున్న ఐడీ సరిపోవాలి. ఇవాళ ఇంటికి వెళ్ళగానే చేయాల్సిన పని ఇది. కీ కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. అదే ల్యాప్‌టాప్ డెస్క్‌టాప్ మీద టెక్స్ట్ ఫైలుగా దాచుకున్న మహానుభావులున్నారు. ఇంకో చిక్కు చెప్తాను. ల్యాప్‌టాప్ కొన్న షాపులో కుర్రాడే తన మెయిల్ ఐడీతో సెటప్ చేసి ఇచ్చి ఉంటే, కీ అతని అకౌంట్లో ఉంటుంది. ఇది మన ఊళ్ళల్లో మామూలుగా జరిగేదే. సెట్టింగ్స్‌లో అకౌంట్స్ తెరిచి అక్కడ ఎవరి మెయిల్ ఉందో చూసుకోండి.

సరే, ఇప్పుడు ఫైళ్ళు బయటికి తీయడం. ఇక్కడ కొంచెం నిదానంగా చెప్తాను, ఎందుకంటే ఇదొక్కటి వచ్చేస్తే మిగతాదంతా భయం లేకుండా చేసుకోవచ్చు.

మిషన్ బూట్ కాకపోతే విండోస్ తనే ఒక రిపేరు తెరలోకి వెళ్తుంది. వరసగా రెండు సార్లు బూట్ విఫలమైతే సాధారణంగా అదే వస్తుంది. రాకపోతే, లోగో కనపడగానే పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపేయండి. రెండు మూడు సార్లు అలా చేస్తే తరువాతిసారి ‘ఆటోమేటిక్ రిపేర్’ అని వస్తుంది. అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, ట్రబుల్‌షూట్, మళ్ళీ అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, కమాండ్ ప్రాంప్ట్. నల్ల కిటికీ వస్తుంది. చాలామంది అది చూడగానే కుర్చీ వెనక్కి జరుపుకుంటారు. అక్కర్లేదు. అక్కడ నోట్‌ప్యాడ్ అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి.

అవును, మన నోట్‌ప్యాడే. తెరుచుకుంటుంది. అందులో ఫైల్ మెనూ, ఓపెన్. ఇప్పుడు వచ్చిన చిన్న కిటికీ చూడండి. మీ డ్రైవులన్నీ అందులో కనిపిస్తాయి. కింద కుడివైపు ‘టెక్స్ట్ డాక్యుమెంట్స్’ అని ఉన్నచోట ‘ఆల్ ఫైల్స్’ అని మార్చండి. మార్చకపోతే ఫోల్డర్లు ఖాళీగా కనపడి గుండె ఆగినంత పనవుతుంది. ఇంకో గమ్మత్తు, ఇక్కడ డ్రైవుల అక్షరాలు మీకు అలవాటైనట్టు ఉండకపోవచ్చు. ఎక్స్ అని కనపడేది ఈ రిపేరు తెర తాలూకు సొంత డ్రైవు, దాన్ని వదిలేయండి. మీ సీ డ్రైవు ఇక్కడ డీ అనో ఈ అనో ఉండొచ్చు. దేంట్లో యూజర్స్ అనే ఫోల్డర్, అందులో మీ పేరు ఉందో అదే మీది.

మీ పేరు తెరవండి. డెస్క్‌టాప్ మీద మౌస్ కుడి బటన్ నొక్కి కాపీ. పెన్‌డ్రైవ్‌లోకి వెళ్ళి కుడి బటన్, పేస్ట్. ఎంత శాతం అయిందో చూపించే గీత ఏమీ రాదు. కిటికీ బిగుసుకుపోయినట్టు ఉంటుంది. మిషన్ పాడైందని ఆపేయకండి, పెన్‌డ్రైవ్ లైటు చూస్తూ టీ తాగండి. పని అవుతూనే ఉంటుంది.

ఫైళ్ళు ఎక్కువగా ఉంటే ఆ నల్ల కిటికీలోనే రోబోకాపీ అనే కమాండ్ వాడండి. ఎక్కడి నుంచి, ఎక్కడికి అని రెండు దారులు ఇచ్చి, వాటి తరువాత స్లాష్ ఈ. దాంతోపాటు స్లాష్ ఆర్ కోలన్ 1, స్లాష్ డబ్ల్యూ కోలన్ 1 కూడా తప్పకుండా పెట్టండి. అది పెట్టకపోతే, చదవలేని ఫైలు ఒక్కటి తగిలినా రోబోకాపీ పది లక్షల సార్లు ప్రయత్నిస్తుంది, ఒక్కో ప్రయత్నానికీ మధ్య 30 సెకన్లు ఆగుతూ. అదీ దాని డిఫాల్టు. మనవళ్ళ కాలానికి అవుతుంది.

[నవ్వులు]

యూజర్ ఫోల్డర్ మొత్తం కాపీ చేసేటప్పుడు స్లాష్ ఎక్స్‌జే కూడా కలపండి. లేకపోతే పాత పేర్లతో ఉన్న అడ్డదారుల్లో పడి ఒకే ఫోల్డర్ చుట్టూ తిరుగుతూ ఉంటుంది.

రిపేరు తెరే రాకపోతే? వేరే కంప్యూటర్లో ఉబుంటు, అంటే విండోస్ లాంటిదే ఇంకో ఉచిత సిస్టం, దాని పెన్‌డ్రైవ్ తయారు చేసుకోండి, దాంతో బూట్ చేసి ‘ట్రై’ అన్నది నొక్కండి, ‘ఇన్‌స్టాల్’ జోలికి వెళ్ళొద్దు. మీ డిస్కు ఫోల్డర్‌లాగా తెరుచుకుంటుంది. కొన్నిసార్లు చదవడానికి మాత్రమే తెరుచుకుంటుంది, విండోస్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదు కనుక. మనకి కావలసింది చదవడమే కాబట్టి అదీ మంచిదే. ఇంకో పద్ధతి, డిస్కు విప్పి యూఎస్‌బీ కేసులో పెట్టి వేరే మిషన్‌కి తగిలించడం. అప్పుడు మీ ఫోల్డర్ తెరవబోతే ‘పర్మిషన్ లేదు’ అంటుంది. కంటిన్యూ నొక్కి కాసేపు ఆగండి, తెరుచుకుంటుంది.

ఏమేం కాపీ చేయాలి? డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్, డౌన్‌లోడ్స్ అందరికీ తెలుసు. ఇవన్నీ సీ డ్రైవులోనే ఉంటాయని మాత్రం చాలామందికి తెలియదు. డెస్క్‌టాప్ మీద పెట్టింది ఎక్కడో గాల్లో ఉంటుందనుకుంటారు. మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఆన్‌లైన్ నిల్వ వన్‌డ్రైవ్‌లో బ్యాకప్ ఆన్ చేసి ఉంటే ఇవే ఫోల్డర్లు మీ పేరు కింద వన్‌డ్రైవ్ అనే ఫోల్డర్లోకి వెళ్ళిపోతాయి. డాక్యుమెంట్స్ ఖాళీగా కనపడితే అక్కడ చూడండి.

వ్యాపారులు వినండి. ట్యాలీ డేటా డాక్యుమెంట్స్‌లో ఉండదు. ట్యాలీప్రైమ్ అయితే సాధారణంగా యూజర్స్‌లో పబ్లిక్ అనే ఫోల్డర్లో ఉంటుంది. పాత వెర్షన్ అయితే సీ డ్రైవులో ట్యాలీ ఫోల్డర్లోనే ఉండొచ్చు. కంపెనీ ఎంచుకునే తెర మీద డేటా దారి రాసి ఉంటుంది, ఇవాళే చూసి కాగితం మీద రాసుకోండి. జీఎస్టీకి వాడే డిజిటల్ సంతకం యూఎస్‌బీ టోకెన్‌లో ఉంటుంది, విండోస్ పోయినా దానికేం కాదు. దాని డ్రైవర్ మళ్ళీ వేసుకుంటే సరిపోతుంది. అవుట్‌లుక్ వాడేవాళ్ళు మెయిళ్ళు నిల్వ ఉండే పీఎస్‌టీ ఫైలు వెతుక్కోవాలి. తెర మీద పసుపు చీటీలు, అదే స్టిక్కీ నోట్స్, అందులో పాస్‌వర్డులు రాసుకునేవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారని నాకు తెలుసు. అవి యాప్‌డేటా అనే దాచిన ఫోల్డర్లో, లోకల్, ప్యాకేజెస్ లోపల, ప్లమ్ అనే పేరున్న చిన్న డేటాబేస్ ఫైలులో ఉంటాయి. క్రోమ్ బుక్‌మార్కులు కూడా యాప్‌డేటాలోనే. అందుకే వీలుంటే యూజర్ ఫోల్డర్ మొత్తం తీసేసుకోమంటాను. ఏది ఎక్కడుందో తరువాత తీరిగ్గా వెతుక్కోవచ్చు.

ఇక విండోస్ రిపేరు. ఫైళ్ళు చేతికొచ్చాయి కాబట్టి ఇప్పుడు ధైర్యంగా చేయొచ్చు. తేలికైన దాంతో మొదలుపెట్టాలి.

చివరగా ఏం మారిందో గుర్తు చేసుకోండి. నిన్న రాత్రి అప్‌డేట్ వచ్చిందా? అదే రిపేరు తెరలో ‘అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్’ ఉంది. కొత్త ప్రింటర్ డ్రైవర్ వేశారా? స్టార్టప్ సెట్టింగ్స్‌లో 4 నొక్కితే సేఫ్ మోడ్, అక్కడ దాన్ని తీసేయండి. సిస్టం రీస్టోర్ పాయింట్, అంటే విండోస్‌ని పాత తేదీ స్థితికి తీసుకెళ్ళే గుర్తు, ఉంటే అదీ మంచిదే. మీ డాక్యుమెంట్లని ముట్టుకోదు, ఆ తేదీ తరువాత వేసిన ప్రోగ్రాములు, డ్రైవర్లు మాత్రం పోతాయి. చాలా మిషన్లలో అది ఆఫ్‌లో ఉండి పాయింట్లే దొరకవు, అది వేరే సంగతి.

విండోస్ తెరుచుకుంటోంది కానీ తిక్కగా ఉంది అనుకోండి, స్టార్ట్ మెనూ రాదు, సెట్టింగ్స్ మూసుకుపోతుంది. అప్పుడు డిస్మ్ అనే కమాండ్‌ని రిస్టోర్‌హెల్త్‌తో నడిపి, తరువాత ఎస్ఎఫ్‌సీ స్లాష్ స్కాన్‌నౌ. చాలామంది తిరగేసి చేస్తారు. ఎస్ఎఫ్‌సీ పాడైన ఫైళ్ళకి మంచి కాపీలు విండోస్ లోపలి నిల్వ నుంచి తెచ్చుకుంటుంది. ఆ నిల్వే పాడై ఉంటే అది తెచ్చేదేముంది? ఆ నిల్వని బాగుచేసేది డిస్మ్. కాబట్టి అది ముందు. రిపేరు తెరలోంచి ఎస్ఎఫ్‌సీ నడిపితే మీ విండోస్ ఎక్కడుందో ఆఫ్‌బూట్‌డిర్, ఆఫ్‌విన్‌డిర్ అని విడిగా చెప్పాలి. చెప్పకపోతే మీ విండోస్‌ని చూడనే చూడదు.

బూట్ ఫైళ్ళు మాత్రమే పోతే స్టార్టప్ రిపేర్ ఒకసారి ప్రయత్నించండి. కుదరకపోతే బీసీడీబూట్ కమాండ్. పాత వీడియోల్లో బూట్‌రెక్ ఫిక్స్‌బూట్ అని చెప్తారు, కొత్త మిషన్లలో అది తరచు ‘యాక్సెస్ డినైడ్’ అంటుంది, దాంతో కుస్తీ పట్టొద్దు. డిస్కుని భాగాలు చేసే డిస్క్‌పార్ట్‌లోకి వెళ్ళాల్సి వస్తే మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకోండి. అందులో క్లీన్ అనే మాట ఉంది. టైప్ చేసి ఎంటర్ కొడితే ‘నిజంగానా?’ అని కూడా అడగదు. డిస్కు మీద పార్టిషన్లు, అంటే సీ, డీ లాంటి భాగాలు, అన్నీ మాయం.

వీటికి లొంగకపోతే నేను ఎక్కువగా నమ్ముకునే మందు ఒకటుంది. విండోస్ మీద విండోస్. మిషన్ ఎలాగోలా డెస్క్‌టాప్ దాకా వస్తే చాలు. మైక్రోసాఫ్ట్ సైటు నుంచి విండోస్ సెటప్ మొత్తం ఉండే ఐఎస్ఓ ఫైలు దించుకుని, దాన్ని అక్కడే తెరిచి, సెటప్ నడపాలి. ‘కీప్ పర్సనల్ ఫైల్స్ అండ్ యాప్స్’ అని వస్తుంది. ఫైళ్ళు, ప్రోగ్రాములు, ట్యాలీ, ప్రింటర్, అన్నీ ఉన్నచోటే ఉంటాయి, కింద విండోస్ మాత్రం కొత్తది వస్తుంది. ఎడిషన్, భాష రెండూ పాతదానితో సరిపోవాలి. మీది ఇంగ్లిష్ యూకే అయితే ఐఎస్ఓ కూడా అదే ఉండాలి. సరిపోకపోతే ఆ ఆప్షన్ బూడిద రంగులో నొక్కడానికి వీల్లేకుండా ఉంటుంది. అలా కనపడితే ముందుకెళ్ళకండి, సరైన ఐఎస్ఓ తెచ్చుకోండి. సీ డ్రైవులో 20 జీబీ దాకా ఖాళీ ఉంచండి. విండోస్ 11 కొత్త వెర్షన్లలో ఇదే పనికి సెట్టింగ్స్, సిస్టం, రికవరీలో ‘రీఇన్‌స్టాల్ నౌ’ అని బటన్ పెట్టారు. ఐఎస్ఓ గొడవ కూడా లేదు.

పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి సెటప్ నడిపితే ఈ సదుపాయం రాదు. ఇది బాగా గుర్తుంచుకోండి, షాపుల్లో జరిగేది ఇదే. అక్కడ కూడా ఫార్మాట్ గానీ డిలీట్ గానీ నొక్కకుండా పాత పార్టిషన్ మీదే వేస్తే, పాత విండోస్, యూజర్స్ ఫోల్డర్ అన్నీ విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్లోకి వెళ్తాయి. అందులోంచి తీసుకోవచ్చు. కానీ అది శాశ్వతం అనుకోకండి. అప్‌గ్రేడ్ అయిన పది రోజులకి విండోస్ తనే దాన్ని చెరిపేస్తుంది, డిస్క్ క్లీనప్ చేసినా పోతుంది.

‘రీసెట్ దిస్ పీసీ’ అన్నది ఆఖరుకి. ‘కీప్ మై ఫైల్స్’ ఎంచుకుంటే ఫైళ్ళు ఉంటాయి, మీరు వేసిన ప్రోగ్రాములన్నీ పోతాయి. ఏమేం పోయాయో జాబితా డెస్క్‌టాప్ మీద పెడుతుంది. దాని పక్కనే ‘రిమూవ్ ఎవ్రీథింగ్’ ఉంటుంది. రెండు బటన్లకీ మధ్య దూరం అరంగుళం. కళ్ళజోడు పెట్టుకుని నొక్కండి.

మాక్ వాడేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఒకరున్నారు. మీకు ఒక్క ముక్కలో చెప్తాను సార్. రికవరీలో ‘రీఇన్‌స్టాల్ మాక్‌ఓఎస్’ నొక్కితే ఫైళ్ళు ఉంటాయి, డిస్క్ యుటిలిటీలో ‘ఇరేజ్’ నొక్కితే పోతాయి.

ఇప్పుడు మీలో ఒకరి మనసులో ఉండే మాట నేనే అంటాను. “కంపెనీ వాళ్ళు ఫైళ్ళు ఉంటాయి అని రాశాక మళ్ళీ ఈ కాపీల గోల ఎందుకు?” 2018 అక్టోబరు 2న విండోస్ 10కి 1809 అనే పెద్ద అప్‌డేట్ వచ్చింది. కొందరికి డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లు మొత్తం మాయమయ్యాయి. ఎవరికో తెలుసా? సీ డ్రైవులో ఉంచకూడదని జాగ్రత్తపడి డాక్యుమెంట్స్‌ని వేరే డ్రైవుకి మళ్ళించినవాళ్ళకి. పాత చోట కొన్ని ఫైళ్ళు ఇంకా మిగిలి ఉన్నాయి. అప్‌డేట్ ఆ పాత ఫోల్డర్ని పనికిరాని నకలు అనుకుని, లోపల ఏముందో చూడకుండా ఊడ్చేసింది. నాలుగు రోజుల్లో మైక్రోసాఫ్ట్ ఆ అప్‌డేట్‌ని ఆపేసి, సరిచేసి నవంబరు 13న మళ్ళీ విడుదల చేసింది. ఫిర్యాదులు వచ్చింది శాతంలో వందో వంతు మందికే అని చెప్పారు. నిజమే అయ్యుండొచ్చు. ఆ వందో వంతులో ఉన్నవాడికి మాత్రం పోయింది నూటికి నూరు.

2020 ఫిబ్రవరిలో ఇంకోటి. అప్‌డేట్ తరువాత డెస్క్‌టాప్ ఖాళీ, వాల్‌పేపర్ కూడా మారిపోయింది. జనం గోల. ఫైళ్ళు ఎక్కడికీ పోలేదు, విండోస్ తాత్కాలిక ప్రొఫైల్ తెరిచింది. అసలు ఫోల్డర్ యూజర్స్‌లో పేరు చివర కొన్ని అక్షరాలు తగిలించుకుని అక్కడే ఉంది. ఇలాంటి ఖాళీ డెస్క్‌టాప్ కనపడితే దాంట్లో కొత్తగా ఏదీ సేవ్ చేయకండి. సైన్ అవుట్ కాగానే అది చెరిగిపోతుంది.

ఇప్పటిదాకా చెప్పిందంతా డిస్కు బాగుంటేనే. పాత హార్డ్ డిస్కు టక్, టక్ అని చప్పుడు చేస్తుంటే, లేదా ఒక ఫోల్డర్ తెరవడానికి అయిదు నిమిషాలు పడుతుంటే, విండోస్‌ని మర్చిపోండి. డిస్కులో తప్పులు వెతికే చెక్‌డిస్క్ స్లాష్ ఆర్ కమాండ్ అస్సలు నడపొద్దు. అది డిస్కు మొత్తాన్నీ ఈ చివర నుంచి ఆ చివర దాకా చదివిస్తుంది, కొనప్రాణంతో ఉన్న డిస్కు మధ్యలోనే ఆగిపోవచ్చు. ముఖ్యమైన ఫోల్డర్ ముందు కాపీ చేసి, పవర్ తీసేయండి. తెలిసినవాళ్ళయితే లినక్స్‌లో డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాంతో ఇంకో డిస్కు మీదకి మొత్తం నకలు తీస్తారు. అది ముందు బాగున్న భాగాలు చదివేసి, పాడైన చోట్లకి తరువాత వస్తుంది. రిపేరంతా ఆ నకలు మీదే. లోపలి నుంచి చప్పుడు వచ్చే డిస్కుని మూత విప్పి చూడొద్దు, యూట్యూబ్‌లో ఎవరు ఎంత బాగా చూపించినా సరే.

ఇప్పుడు మీ ప్రశ్నలు. అమ్మా, మీరు చెయ్యెత్తారు.

[ఒక ఉపాధ్యాయిని: ఆల్రెడీ ఫార్మాట్ కొట్టేశారండీ. ఏమైనా వస్తాయా?]

లోపల చక్రం తిరిగే హార్డ్ డిస్కా, తిరిగే భాగాలేమీ లేని ఎస్ఎస్‌డీనా మేడం? అదే తేడా. క్విక్ ఫార్మాట్ అంటే ఊళ్ళో అడంగల్ పుస్తకం తగలబెట్టడం లాంటిది. పొలాలు పొలాల్లాగే ఉంటాయి, ఏది ఎవరిదో చెప్పే రికార్డు ఉండదు. హార్డ్ డిస్కయితే, ఆ తరువాత మీరు ఏమీ కొత్తగా రాయకుండా ఆపేస్తే, టెస్ట్‌డిస్క్, ఫొటోరెక్ లాంటి ఉచిత ప్రోగ్రాములతో చాలా వరకు తీయొచ్చు. ఫొటోరెక్ తీసిన వాటికి పాత పేర్లు ఉండవు, కూర్చుని ఒక్కోటి తెరిచి చూసుకోవాలి. తీసినవి అదే డిస్కులో సేవ్ చేయొద్దు. ఎస్ఎస్‌డీ అయితే వేరే కథ. ఫార్మాట్ చేయగానే ‘ఈ చోటంతా ఇక అక్కర్లేదు’ అని విండోస్ దానికి చెప్పేస్తుంది, ట్రిమ్ అంటారు. అది లోపల లోపల ఖాళీ చేసేస్తుంది. నిజం చెప్పాలంటే ఆశ తక్కువ. మీది ఎస్ఎస్‌డీనా? ... అయితే స్కూల్ వాట్సాప్ గ్రూపులో పంపినవి, మెయిల్ చేసినవి ముందు వెతకండి మేడం. రికవరీ సాఫ్ట్‌వేర్ కొనడానికి డబ్బు పెట్టకండి.

[ఒక డీటీపీ ఆపరేటర్: అన్నా, విండోస్ మార్చాక పేజ్‌మేకర్ ఫైళ్ళు తెరిస్తే అంతా పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలే వస్తున్నాయి. ఫైళ్ళు కరప్ట్ అయినట్టేనా?]

కాదు తమ్ముడూ, ఫైలు శుభ్రంగా ఉంది. అను అనే తెలుగు ఫాంట్లు పోయాయి. అవి విండోస్ ఫాంట్స్ ఫోల్డర్లో ఉంటాయి, మన యూజర్ ఫోల్డర్లో కాదు. అందుకే డీటీపీ వాళ్ళు విండోస్ లోపలి ఫాంట్స్ ఫోల్డర్ కూడా కాపీ చేసుకోవాలి. అదే ఫాంట్లు మళ్ళీ వేయి, తెలుగు తిరిగి వచ్చేస్తుంది. ఒక్క జాగ్రత్త. తెరవగానే ‘ఈ ఫాంట్ లేదు, వేరేది పెట్టనా’ అని అడుగుతుంది. అక్కడ శాశ్వతంగా మార్చమని చెప్పి సేవ్ కొడితే, ఆ తరువాత ప్రతి లైనూ చేత్తో మార్చుకోవాలి. సేవ్ చేయకుండా మూసెయ్యి, ఫాంట్లు వేశాక తెరువు.

[ఇంకొకరు: విండోస్ 10కి సపోర్ట్ అయిపోయిందంటున్నారు. 11కి మారితే ఫైళ్ళు పోతాయా?]

2025 అక్టోబరు 14తో అయిపోయింది మాస్టారూ. మారేటప్పుడు పాత విండోస్ లోంచే అప్‌గ్రేడ్ చేసుకుంటే ఫైళ్ళు, ప్రోగ్రాములు రెండూ ఉంటాయి. మీ మిషన్‌కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది. మైక్రోసాఫ్ట్ వాళ్ళ ‘పీసీ హెల్త్ చెక్’ అనే చిన్న ప్రోగ్రాం నడిపితే అదే చెప్తుంది. అడ్డదారిలో వేసిస్తామని ఎవరైనా అంటే, పెన్‌డ్రైవ్‌తో బూట్ చేస్తారా, విండోస్ లోంచి చేస్తారా అని ముందు అడగండి. ఎలా చేసినా ముందు రోజు ఒక ఎక్స్‌టర్నల్ డిస్కు కొని కాపీ పెట్టుకోండి. కాపీ అయ్యాక దాన్ని తీసి పక్కన పెట్టండి, తగిలించి ఉంచితే వైరస్ వచ్చిన రోజు రెండూ కలిసే పోతాయి.

షాపుకి ఇచ్చేటప్పుడు ఏం చెప్పాలని చీటీ పంపారు ఎవరో. జాబ్ కార్డు మీదే రాయించండి, ‘డేటా కావాలి, అడగకుండా ఫార్మాట్ చేయొద్దు’ అని. నోటి మాటగా చెప్తే కౌంటర్లో తీసుకున్నవాడు ఒకడు, లోపల బెంచీ మీద చేసేవాడు ఇంకొకడు.

సరే, పక్క టేబుల్ మీద పాత ల్యాప్‌టాప్ ఒకటి పెట్టాను. దాని బూట్ ఫైళ్ళు పొద్దున నేనే చెడగొట్టి తెచ్చాను. డెస్క్‌టాప్ మీద ఒక ఫోల్డర్ ఉంది, అది ఈ పెన్‌డ్రైవ్‌లోకి రావాలి. ముందు వరస వాళ్ళు రండి, నల్ల కిటికీ తెరిచి నోట్‌ప్యాడ్ టైప్ చేయండి. నేను పక్కన నిలబడతాను, మౌస్ మాత్రం ముట్టుకోను.